పన్నెండు కుంపట్లు

ధూమగిరి దుర్గాన్ని మొదటిసారి చూసినవాడు ముందు నోరు తెరుస్తాడు, తర్వాత ముక్కు మూసుకుంటాడు. నోరు ఎందుకు తెరుస్తాడంటే, ఆ కోట గోడలు నీలపురాళ్ళతో కట్టినవి. బురుజు బురుజుకీ పగడాల తోరణాలు, ప్రతి తోరణం మీదా రెక్కలు అల్లార్చే రాగి చిలకలు. ముఖద్వారం తలుపుల మీద అష్టదిక్కులను మోసే ఏనుగులు దంతాలతో సహా వెండిలో పోతపోసి ఉంటాయి. సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు ఆ తలుపులకేసి చూసిన కన్ను కాసేపటిదాకా దేనికీ పనికిరాదు. ముక్కు ఎందుకు మూసుకుంటాడంటే, ఇంత వైభవం నడుమనుంచీ పన్నెండు పొగగొట్టాలు పగలల్లా బొగ్గుపొగ కక్కుతూ ఉంటాయి. మాంత్రికుడు జృంభకుడికి కోట కట్టడం వచ్చుగాని, కట్టినదాన్ని కడిగించుకోవడం రాదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే.

ఆ సాయంత్రం కోట వాకిట్లోకి బొగ్గులమ్ముకునేవాళ్ళు ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఒకతె నడుం వంగిన ముసలమ్మ. రెండోవాడు నెత్తిన గంపతో, బరువుకు కాక మోయవలసి వచ్చినందుకు మూలుగుతున్న పడుచువాడు.

ముసలమ్మకు నిజానికి ఇరవై రెండేళ్ళు. పేరు అపరంజి. కేదారవాటి రాజ్యంలో పేరుమోసిన కంసాలి సోమశిలాచారికి ఒక్కగానొక్క కూతురు, తనూ కంసాలే. గంప మోస్తున్నవాడు కేదారవాటి యువరాజు మణికంధరుడు. ముఖానికి మసి పూసుకోవడానికి అపరంజికి రెప్పపాటు పట్టింది. యువరాజుకు పూయడానికి ఒక పూట పట్టింది, అందులో ముప్పాతిక వంతు ఆయన్ని బతిమాలడానికే.

వాళ్ళు బయలుదేరి అప్పటికి ఇరవై రోజులు. మొసళ్ళ మడుగును తాటిదుంగ మీద దాటారు. మాట్లాడే ముళ్ళకంపల అడవిలో చెవుల్లో మైనం పెట్టుకుని నడిచారు. కరాళ కనుమలో ఒక శాపం తగిలి యువరాజుగారి గుర్రం మేకపోతైపోతే, ఆయన అభిమానం చంపుకోలేక రెండు రోజులపాటు దానిమీదే ఎక్కి రావాలని చూశాడు. ఆ ఇరవై రోజుల్లో అపరంజి పళ్ళు కొరికిన చప్పుడు కూడబెడితే ఒక గానుగ ఆడినంత అవుతుంది.

ఇంతకీ వాళ్ళు వచ్చింది సోమశిలాచారి కోసం. మూడేళ్ళ క్రితం రథోత్సవంనాడు, వేలమంది చూస్తుండగా, సుడిగాలి రూపంలో వచ్చిన జృంభకుడు ఆయన్ని కూర్చున్న పీటతో సహా ఎత్తుకుపోయాడు. చిత్రభాను మహారాజు మూడుసార్లు సైన్యాన్ని పంపాడు. మూడుసార్లూ సైన్యం పొగమంచులో దారితప్పి, తిరిగి తిరిగి తన ఊరికే వచ్చి, శత్రుకోట అనుకుని తన కోటనే ముట్టడించింది. మూడోసారి అపరంజికి ఓపిక చచ్చిపోయింది.

"సైన్యాలొద్దు మహారాజా, నేను వెళ్తాను. మీరు ఊరికే ఉంటే చాలు" అంది. మహారాజు ఊరికే ఉండలేక కొడుకును తోడు పంపాడు.

వాకిట్లో కాపలా ఉన్న ఒంటికన్ను రాక్షసుడు గంపలోకి తొంగిచూసి తల ఊపాడు. "చండ్రబొగ్గేనా? తుమ్మబొగ్గయితే మా దొర కొరడా తీస్తాడు. ఆ ముసలాళ్ళకు ఏ బొగ్గు పడితే ఆ బొగ్గు పనికిరాదట."

"ముసలాళ్ళా? ఎంతమంది?" అంది అపరంజి.

"నీకెందుకే. పద."

లోపలి ముంగిట్లో బొగ్గు చూసుకోవడానికి జృంభకుడే స్వయంగా వచ్చాడు. మూడు లోకాలూ గడగడలాడే మాంత్రికుడు బొగ్గుల బేరానికి దిగాడంటేనే ఆ ఇంట్లో వ్యవహారం ఎంత చెడిందో తెలుసుకోవచ్చు. మనిషి ఆరడుగుల పైమాటే. మోకాళ్ళదాకా జారిన జడలు, ఒక్కో జడకు ఒక్కో పాముకోర, భుజాన ఎర్రకన్నుల గుడ్లగూబ, చెవులకు పులిగోరంత వజ్రాల పోగులు. కళ్ళు మాత్రం నిద్రలేక ఉబ్బి ఉన్నాయి.

బొగ్గు కణిక ఒకటి తీసి విరిచి చూశాడు. అపరంజి తల వంచుకుని నిలబడాలి. గంప దింపి, కుంపట్లు ఉన్నచోటికి మోసుకుపోయే పని అడిగి, లోపలికి దారి పట్టాలి. అనుకున్నదంతే. కాని కంసాలి పుట్టుక పుట్టినవాళ్ళు మనిషి ముఖం చూడరు, చెవి చూస్తారు. అపరంజి చూసింది. చూసినదాన్ని గొంతులో అణచుకోవడానికి ప్రయత్నించింది. చేతకాలేదు.

"దొరా, ఆ కుడి చెవి పోగు వెనకాల అతుకు విడుతోంది. టంకం పట్టించే వెలిగారం చాలకుండానే అతికారెవరో. నాలుగు రోజుల్లో వజ్రం రాలిపోతుంది" అంది.

అన్న తర్వాత నాలుక కరుచుకుంది. యువరాజు గంప కిందనుంచి ఆమెకేసి చూసిన చూపులో, ఇరవై రోజులుగా తను పడ్డ మాటలకు వడ్డీ ఉంది.

జృంభకుడు మెల్లగా చెవి తడుముకున్నాడు. తర్వాత నవ్వాడు. గుడ్లగూబ ఆమె నెత్తిమీద వాలి ముసుగు లాగేసింది. మసి కింద పడుచు ముఖం, నెరిసిన కట్టుజుట్టు కింద నల్లటి జడ బయటపడ్డాయి.

"బొగ్గులమ్మేదానికి టంకం సంగతి తెలుసునా? ఆ ముక్కు చూడగానే అనుకున్నాను. నువ్వు సోమశిలాచారి కూతురివి. రామ్మా, రా. మూడేళ్ళనుంచీ నీకోసమే కాచుకుని ఉన్నాను. కబురు పంపితే రావని ఊరుకున్నాను" అన్నాడు.

"మా నాన్నను వదిలిపెట్టు" అంది అపరంజి. ఇంక నడుం వంచాల్సిన పని లేదు కనుక నిటారుగా నిలబడింది.

"వదిలిపెట్టాలనే నాకూ ఉంది. ముందు నా గోడు విను." జృంభకుడు మెట్టుమీద చతికిలబడ్డాడు. "నాకు పరరూప విద్య వచ్చు. ఏ మనిషి ముఖమైనా పెట్టుకోగలను. కాని రెండు ఘడియల్లో కరిగిపోతుంది. ఏడుపేటల హారం ఒకటి, ఎక్కడా అతుకు విడనిది, మెడలో ఉంటే ఆ ముఖం నిలుస్తుంది. ఒక్క అతుకు విడినా మాయంతా అక్కడినుంచే కారిపోతుంది. అలాంటి అతుకు వేయగలవాడు భూమ్మీద మీ నాన్న ఒక్కడే. తీసుకొచ్చాను. పీట వేశాను. అడిగిన బంగారం ఇచ్చాను. రోజూ పొద్దున మొదలుపెడతాడు. పొద్దువాలేసరికి హారం దాదాపు అయిపోతుంది. మెడలో బిగించే ఒక్క కొండి అతికితే చాలు. అప్పుడు దాన్ని పైకెత్తి చూస్తాడు. పెదవి విరుస్తాడు. మూసలో వేసి కరిగించేస్తాడు. మూడేళ్ళు! సూర్యుణ్ణి నిలబెట్టినవాణ్ణి, సముద్రాన్ని గుటకేసినవాణ్ణి, ఒక కంసాలి చేత చెప్పిన రోజుకు నగ ఇప్పించుకోలేకపోయాను."

వినగానే అపరంజికి ఒళ్ళు మండింది. మండింది మాంత్రికుడి మీద కాదు, తండ్రి మీద. ఎందుకంటే ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మహారాణిగారు తన పెళ్ళికి చెప్పిన ముక్కుపుడకను యువరాజుకు మీసాలొచ్చాక అందుకుంది. అదికూడా ఆచారి ఇచ్చింది కాదు. ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు అపరంజి కొంగులో దాచుకుని అంతఃపురానికి పరుగెత్తితే అందింది. ఆ ఇంట్లోంచి ఆయన చేతులమీదుగా బయటికి వెళ్ళిన నగ అంటూ ఒక్కటి లేదు. అన్నీ కూతురు తండ్రి దగ్గర దొంగిలించినవే. తల్లి బంగారంలోనైనా కంసాలి ఇంత తీస్తాడని లోకం అంటుంది. లోకానికేం తెలుసు, ఈ కంసాలి తన పనినే తను దోచుకుంటున్నాడని.

"ఒకడితో వేగలేక అతన్ని పన్నెండుమందిని చేశాను. పన్నెండు కుంపట్లు పెట్టాను. అదే నా తెలివితక్కువ. చేతులు వచ్చాయి, అలవాట్లు వచ్చాయి, మనసు రాలేదు. పదకొండుమంది ఆనాటి పనినే మక్కీకి మక్కీ చేస్తారు, ఆనాటిలాగే కరిగిస్తారు. కొత్త కొండి ఊహించడం అసలువాడికే వచ్చు. అసలువాడెవరో నాకిప్పుడు తెలీదు. బెదిరిస్తే పన్నెండుమందీ ఒకే మాట అంటారు. కొడదామంటే ఎవణ్ణి కొట్టాలి? అసలువాడు పోతే హారమూ పోతుంది." అతను లేచాడు. "నువ్వు చూపించు. సరిగా చూపిస్తే తండ్రిని తీసుకుని పో. తప్పు చూపిస్తే నిలబడ్డచోటే రాయివి. వేలు ఎత్తేది ఒక్కసారే."

కుంపట్ల శాల ఒక మండపం. నలభై స్తంభాలు, ప్రతి స్తంభానికీ పడగెత్తిన పాలరాతి నాగులు, పైకప్పునిండా కెంపులు పొదిగిన తామరలు. ఆ తామరలన్నీ మసిబారి ఇప్పుడు వంకాయల్లా ఉన్నాయి. కింద వరసగా పన్నెండు కుంపట్లు. కుంపటికొక పీట. పీటకొక సోమశిలాచారి. అదే బట్టతల, అదే చెవిలో దోపిన నెమలీక, అదే ముక్కుకొనన జారిన చెమటబొట్టు. అడుగుల చప్పుడుకు పన్నెండు తలలూ లేచాయి. పన్నెండు గొంతులు ఒక్కటిగా అన్నాయి:

"రేపు రండి."

తలలు మళ్ళీ వాలిపోయాయి.

అపరంజి ముందుకు కదలబోతూ వెనక్కు తిరిగి చిన్నగా దగ్గింది. అది సంజ్ఞ. గంప అడుగున ఎండుమిరపకాయల మూట ఉంది. ఆమె దగ్గగానే యువరాజు దాన్ని దగ్గరున్న కుంపట్లో గుమ్మరించాలి. ఆ ఘాటుకు మాంత్రికుడి కళ్ళు మూతలు పడగానే తండ్రిని లాక్కుని పారిపోవాలి. వారం రోజులుగా చెప్పి చెప్పి వల్లెవేయించిన ఉపాయం. యువరాజు కదల్లేదు. ఆమె మళ్ళీ దగ్గింది. ఆయన దగ్గరగా వచ్చి గొంతు తగ్గించి అన్నాడు:

"అపరంజీ, ఆ మూట కనుమ దగ్గరే పారేశాను. గంప మరీ బరువుగా ఉండింది."

"మిరపకాయలు బరువా యువరాజా? పైన ఉన్న బొగ్గులు బరువు కాదా?"

"బొగ్గులమ్మేవాడు బొగ్గులు పారేస్తే అనుమానం వస్తుంది కదా" అన్నాడు ఆయన, తన తెలివికి తనే మెచ్చుకుంటూ.

అపరంజి కళ్ళు మూసుకుని పదిదాకా లెక్కపెట్టుకుంది. ఏడు దగ్గర ఆపేసి మొదటి కుంపటి దగ్గరికి నడిచింది. ఇంక మిగిలింది తన కన్ను ఒక్కటే.

పీటముందు కొయ్యపలక మీద హారం పరిచి ఉంది. దాన్ని చూడటమంటే తండ్రి బతుకునంతా మొదటినుంచీ చదవడమే. సోమశిలాచారి ఒక గురువు దగ్గర కుదురుగా కూర్చుని నేర్చినవాడు కాదు. చిన్నప్పుడు తల్లి ముంగిట్లో చుక్కలు పెట్టి ముగ్గేస్తుంటే, ఆ చుక్కల లెక్కనే బంగారు రవల్లో దించాడు. హారం బిళ్ళమీద ఆ రవలున్నాయి, పదిహేను నుంచి ఒకటికి. ఎనిమిదో ఏట గిజిగాడు గూడల్లుతుంటే రోజల్లా చూసి, లోపల ఎలా ఉందో తెలుసుకోవాలని గూడు విప్పి, తండ్రిచేత చావుదెబ్బలు తిన్నాడు. హారం పేటలను కలిపే తీగ అల్లిక ఆ గూడే. ఇరవయ్యో ఏట ఇల్లు విడిచి అడవిలోకి పోయి, మైనాన్ని దారంలా తీసి మట్టిబొమ్మకు చుట్టి ఇత్తడి పోసే మనుషులతో రెండు వానాకాలాలు గడిపాడు. బిళ్ళకు అటూ ఇటూ మెడ తిప్పిన నెమళ్ళు వాళ్ళ చేతివి. రేవులో ఓడవాళ్ళు తాళ్ళకు వేసే ముడిని చూసి, ఇంటికొచ్చి నెలరోజులు అన్నం సరిగా తినకుండా దాన్ని బంగారంలో వేశాడు. చూసినదల్లా ఆయన చేతిలోకి వచ్చి చేరేది. తృప్తి ఒక్కటే ఎప్పుడూ రాలేదు.

రెండో హారం అదే. మూడోది అదే. రవ తేడా లేదు. నాలుగు, అయిదు, ఆరు. ఎనిమిదో కుంపటి దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ఏడవాలో అరవాలో తెలీలేదు. ప్రతి ముసలాడూ తలెత్తకుండానే "రేపు రండి" అంటున్నాడు. ప్రతి గొంతూ నాన్న గొంతే.

తొమ్మిదో కుంపటి దగ్గర ఆగింది.

రవలు అవే, నెమళ్ళు అవే. తీగ పురి వేరు. మిగతా ఎనిమిది హారాల్లోనూ తీగ కుడికి తిరిగింది. దీనిలో ఎడమకు తిరిగింది.

అపరంజిది ఎడమచేతి వాటం. పసితనంలో తీగ పట్టుకున్న మొదటిరోజునుంచీ ఆమె పెట్టిన పురి ఎడమకే పోయేది. సోమశిలాచారి దానితో పడని పాట్లు లేవు. ఎడమచేతికి గుడ్డ చుట్టి పీటకు కట్టేశాడు. మొట్టికాయలు వేశాడు. ఆమె రోజంతా పురిపెట్టిన తీగను సాయంత్రం కూర్చుని విప్పేసి, తిన్నగా చేసి, "రేపు కుడికి తిప్పు" అని చేతిలో పెట్టేవాడు. పన్నెండేళ్ళపాటు విప్పాడు. ఆమె పని బాగుందని పొరపాటున కూడా ఒక్కసారి అనలేదు. అలాంటి మనిషి, చెరలో, కూతురు చూడని చోట, అదే పురి పెట్టుకుని కూర్చున్నాడు. ముగ్గునుంచి, పిట్టనుంచి, అడవినుంచి, ఓడనుంచి తీసుకున్నట్టే కూతురి నుంచి కూడా తీసుకున్నాడు.

అపరంజికి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. ఆ వెంటనే కోపమూ వచ్చింది. ఇంట్లో ఉన్నప్పుడు ఒక్క మాట అంటే ఈయన సొమ్మేం పోయింది?

తల తిప్పిన ఆమెకు జృంభకుడి ముఖం కనిపించింది. అతను కంసాలులను చూడటం లేదు. ఆమె కళ్ళు ఎక్కడ ఆగుతాయా అని చూస్తున్నాడు. ఆమెకు అప్పుడు అర్థమైంది. ఇతను తండ్రిని ఇచ్చి పంపేవాడు కాదు. అసలువాడెవరో తెలిస్తే చాలు, మెడమీద కత్తిపెట్టి కొండి వేయిస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె కన్ను చెదరనివ్వకుండా పదో కుంపటికి, పదకొండుకు, పన్నెండుకు నడిచింది. చివరి ముసలాడి ముందు నిలబడి వేలెత్తి చూపించింది.

"ఈయనే మా నాన్న."

ఆ ముసలాడు పొగై తేలిపోయాడు. కుంపటి చల్లారిపోయింది. అపరంజి కాలివేళ్ళు బిగుసుకుపోయాయి. కిందకు చూసేసరికి పాదాలు నల్లరాయి.

జృంభకుడు తీరిగ్గా చేతులు కట్టుకున్నాడు. "నువ్వు సరిగా చూపిస్తే నాకు నీ వేలు చెబుతుంది. తప్పు చూపిస్తే నీ తండ్రే చెబుతాడు. ఎటుపోయినా నష్టం నాది కాదమ్మా."

మణికంధరుడు మసిగుడ్డ విసిరేసి, దాని కింద దాచిన కత్తి దూశాడు. అంటే దూయబోయాడు. ఇరవై రోజుల వానలకు తుప్పుపట్టిన కత్తి ఒరతో సహా చేతికొచ్చింది. ఒరతోనే కొట్టాడు. గుడ్లగూబ రెక్క విసురుకు ఎగిరి స్తంభానికి కొట్టుకుని కూలబడ్డాడు. రాయి అపరంజి చీలమండలు దాటింది.

"ఆపండి అయ్యగారూ" అన్నాడు తొమ్మిదో కుంపటి దగ్గరి మనిషి. "అది నా కూతురు. సోమశిలాచారిని నేనే."

అన్నదే తడవుగా మిగిలిన పదిమందీ పొగై పైకప్పుకు తగిలారు. మండపంలో ఒక్క కుంపటి మిగిలింది.

"కొండి అతికి నా మెడలో వేయి. హారం నా మెడలో పడిన క్షణాన ఆ రాయి కరుగుతుంది. రాయి గొంతు దాటితే కరిగించడం నావల్ల కూడా కాదు" అన్నాడు జృంభకుడు.

"వెయ్యొద్దు నాన్నా" అంది అపరంజి.

ఆయన వినలేదు. అప్పటికే చెవిలోని నెమలీక తీసి వెలిగారం నీళ్ళలో ముంచుతున్నాడు. మూడేళ్ళ తర్వాత కూతురికేసి చూసిన మొదటి చూపు ఒక్క క్షణం. రెండో క్షణం కొండి మీదికి పోయింది. ఈకతో అతుకు తడిపాడు. టంకం పలుకులు పట్టకారు కొనతో ఒక్కొక్కటే పేర్చాడు. ఒకటి వాలిందని తీసేసి ఇంకోటి పెట్టాడు. రాయి పిక్కలదాకా వచ్చింది.

యువరాజు కుంటుకుంటూ వచ్చి, "ఆచారిగారూ, కాస్త త్వరగా" అన్నాడు.

"త్వరపడితే పలుకు ఎగిరిపోతుంది బాబూ. పక్కకు జరగండి, గాలి మళ్ళుతోంది."

ఊదుగొట్టం నోట పెట్టుకుని ఊదాడు. మంట నాలుకలా సాగి కొండిని తాకింది. అపరంజికి నడుం బిగుసుకుంది. భయంకన్నా విసుగు ముందొచ్చింది.

"నాన్నా, నడుందాకా వచ్చింది. వేస్తే వేసెయ్, లేకపోతే మానెయ్."

"టంకం పారేటప్పుడు పలకరించకూడదని నీకెన్నిసార్లు చెప్పానే." మళ్ళీ ఊదాడు. "ఇంకా ఆ రంగు రాలేదు."

రంగు వచ్చింది. టంకం ఒక్క మెరుపులో అతుకంతా పాకింది. ఆయన హారాన్ని చింతపండు నీళ్ళలో వేశాడు. బుస్సుమంది. తీశాడు. అపరంజికి రొమ్ము బరువెక్కింది, ఊపిరి సగమే ఆడుతోంది. జృంభకుడు చెయ్యి చాచాడు. ఆచారి ఇవ్వలేదు. పక్కనున్న ముంతలోంచి కుంకుడు రసం పోసి, కుంచెతో తోమడం మొదలుపెట్టాడు.

"అయిపోయింది కదా. ఇటు తే" అన్నాడు జృంభకుడు. అతనికి కూడా ఓపిక నశించింది.

"తోమకుండా ఇచ్చే అలవాటు మా వంశంలో లేదు అయ్యగారూ. సందుల్లో మసి ఉండిపోతుంది."

"నాన్నా" అంది అపరంజి. అంతకన్నా ఎక్కువ అనడానికి గుండెల్లో గాలి లేదు. రాయి మెడ మొదట్లోకి వచ్చింది. యువరాజు ఆమె జడను చేతుల్లోకి తీసుకుని పైకెత్తి పట్టుకున్నాడు, కనీసం అదైనా రాయి కాకుండా ఉంటుందని కాబోలు.

సోమశిలాచారి హారాన్ని మెత్తటి గుడ్డతో ఒత్తి, వెలుగుకు ఎత్తి చూశాడు. కరిగించేది ఈ చూపు తర్వాతే. ఆయన పెదవి కదిలింది. విరవలేదు. రెండు చేతులతో హారాన్ని పట్టుకుని వెళ్ళి మాంత్రికుడి మెడలో తనే వేశాడు. ఆయన బతుకులో ఆయన చేత్తో అప్పజెప్పిన మొదటి నగ అది.

రాయి గొంతు అంచున ఆగి, ఇసుకలా రాలిపోయింది. అపరంజి కిందపడి దగ్గుతూ కళ్ళు తెరిచేసరికి జృంభకుడు లేడు. జడలు లేవు, పాముకోరలు లేవు. తెల్లని మీసాలతో, నుదుట కస్తూరి బొట్టుతో కేదారవాటి చిత్రభాను మహారాజు నిలబడి ఉన్నాడు. మెడలో ఏడుపేటల హారం ఏడు సెలయేళ్ళలా మెరుస్తోంది. తండ్రిని చూడగానే మణికంధరుడు అలవాటుకొద్దీ వంగి పాదాలకు మొక్కాడు.

"దీర్ఘాయుష్మాన్ భవ" అని దీవించాడు మాంత్రికుడు, అచ్చం మహారాజు గొంతుతో. "మీరు నిదానంగా రండి. నేను వెళ్ళి సింహాసనం మీద కూర్చుంటాను. అక్కడున్న ముసలాయన దొంగ మహారాజని మీ మంత్రులతోనే చెప్పించి, నెల తిరిగేలోగా తల తీయిస్తాను. మసి పూసుకున్న మీ మాట ఎవరు నమ్ముతారో చూస్తాను."

చప్పట్లు కొట్టగానే బురుజుల మీది రాగి చిలకలన్నీ ఒక రథాన్ని మోసుకుంటూ దిగివచ్చాయి. అతను ఎక్కగానే పైకప్పు తామరలను చీల్చుకుని రథం తూర్పుకు ఎగిరిపోయింది. మాయగాడు విడిచిన కోట నిలుస్తుందా? నీలపురాళ్ళు మంచుగడ్డల్లా కారడం మొదలుపెట్టాయి. నలభై స్తంభాల మీది నాగులు ప్రాణం వచ్చి బుసకొడుతూ దిగుతున్నాయి. అపరంజి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆయన పట్టకారు మరిచిపోయానని వెనక్కు తిరిగాడు. ఆమె ఆయన్ని నడుం పట్టి లాగింది. యువరాజు కాలుతున్న కుంపటిని రెండు చేతులా ఎత్తి నాగుల మీదికి విసిరాడు. ఇరవై రోజుల్లో ఆయన చేసిన మొదటి పనికొచ్చే పని అదే. కారుతున్న తలుపుల సందునుంచి ముగ్గురూ బయటపడేసరికి వెనక ధూమగిరి దుర్గం మోకాలెత్తు నీలం బురద.

మేకపోతు కొండచరియ మీద నింపాదిగా ఆకులు నములుతోంది. ముసలాయన్ని దానిమీద కూర్చోబెట్టారు. తూర్పున రాగి రంగు చుక్క ఒకటి దూరమై కనిపించకుండా పోయింది. కొంతదూరం నడిచారు. తర్వాత అపరంజి, ఆశ చావక, నెమ్మదిగా అడిగింది.

"నాన్నా, ఒక్క అతుకు విడితే చాలు, మాయంతా కారిపోతుందన్నాడు వాడు. నీకూ చెప్పే ఉంటాడు. ఆ హారంలో ఎక్కడో ఒకచోట, కావాలని, కాస్త వదులుగా వదిలిపెట్టావు కదూ?"

సోమశిలాచారి మేకపోతును ఆపాడు. కూతురు మెడదాకా రాయి అయినప్పుడు కూడా ఆయన ముఖం అంత చిన్నబోలేదు.

"వదులుగానా? నా చేత్తోనా?"

"మా నాన్నగారి తల పోతుంది ఆచారిగారూ" అన్నాడు మణికంధరుడు. కోపంగా అనాలనుకున్నాడు. బతిమాలినట్టు వచ్చింది.

ఆచారి తల వంచుకున్నాడు. "వదులుగా వేద్దామనే అనుకున్నాను బాబూ. నిజంగానే అనుకున్నాను. పలుకు ఒకటి వాలుగా కూడా పెట్టాను. మీరు చూశారుగా. తీరా చూస్తే చెయ్యి దాన్ని తీసేసి సరిగ్గా పెట్టింది."

అపరంజికి తిట్టడానికి నోరు రాలేదు. తను మాత్రం ఇందాక ఆ పోగును చూసి నోరు మూసుకుందా? ఆమె మేకపోతు ముందుకొచ్చి నిలబడి తండ్రి రెండు చేతులూ పట్టుకుంది.

"సరే. అయిందేదో అయింది. సభలోకి ఎలాగోలా నేను చొరబడతాను. వాడి మెడ అందేది ఒక్క క్షణం, ఉలి దెబ్బ వేసేది ఒక్కసారి. ఎక్కడ కొట్టాలో చెప్పు నాన్నా. అన్నిటికన్నా బలం తక్కువగా ఉన్న చోటు ఒక్కటి చెప్పు, చాలు."

సోమశిలాచారి కళ్ళు మూసుకున్నాడు. లేని హారాన్ని గాలిలో పట్టుకుని పేట పేటా, ముడి ముడీ, అతుకు అతుకూ వేళ్ళతో తడుముకుంటూ పోయాడు. ఏడో పేట చివరిదాకా పోయి, మళ్ళీ మొదటికొచ్చి, మళ్ళీ తడిమాడు. కళ్ళు తెరిచేసరికి రెప్పలు తడిసి ఉన్నాయి.

"చెప్పలేనే తల్లీ. అలాంటి చోటు ఒకటుందని నాకు తెలిస్తే, అక్కడ ఇంకో పలుకు పెట్టేవాణ్ణి."